చెరువుగట్టు పక్షుల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు పక్షుల ముచ్చట యేల యని కొందరికి తోచవచ్చును. పక్షులు చందా కట్టవు; తీసికొనిపోయిన గ్రంథమును గడువులోపల తిరిగి యీయవు. అయినను గ్రంథాలయమునకును వానికిని సంబంధము లేకపోలేదు. పట్టణములో అచ్చయిన పుస్తకములను కొని తెచ్చి బీరువాలో నుంచుట గ్రంథాలయము చేయు పనులలో నొకటి. ఊరు తన్నుగూర్చి తాను వ్రాసికొన్న కాగితములను దాచిపెట్టుట మరియొకటి. మొదటి పని ఇరువదియైదేండ్లుగా చక్కగా జరిగినది. రెండవ పనికి సంబంధించి బీరువాలో వెదకినచో చందా రసీదుల కట్టలు, సమావేశముల పుస్తకము తప్ప మరేమియు దొరకదు.

ఇటీవల మన యువకులలో కొందరు ఆదివారము తెల్లవారుజామున చెరువుగట్టు మీదికి పోయి పక్షులను చూచి వచ్చుచున్నారు. వారియొద్ద ఒక దుర్భిణి గలదు. అందరును వంతులవారీగ చూచెదరు. ఊరివారు నవ్వుచున్నారు. కొంగను చూచుటకు నిద్ర మాని పోవలెనా, ఇంటి పెరటిలో నిలుచున్న కనబడదా యని ప్రశ్న. నవ్వినవారిని తప్పుపట్ట నవసరము లేదు. అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. చూచి వచ్చినవారు ఏమైన వ్రాసిరా? వ్రాసినచో ఎక్కడ వ్రాసిరి? పదియేండ్ల పిమ్మట ఆ వ్రాత ఎవరికైన దొరకునా?

పక్షులను చూచుట మనకు క్రొత్త విద్య కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణించుచు ఒక వేకువను చూపెను. వరిమళ్ల నడిమి కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చి నిద్రించుచున్నవి. కావలివారు దూరమునుండి చూచి, వేకువనే స్నానమాడి పోయిన బ్రాహ్మణులు పిండి ముద్దచేసి మరచిపోయిన వస్త్రములని తలచి, వానిని ఇండ్లకు చేర్పవలెనని రేవులోనికి దిగిరి. బాతులు లేచి పారినవి. వరిచేల కావలి పడుచులు నవ్విరి. బాతు నిద్రించునపుడు మెడను వెనుకకు త్రిప్పి వీపు ఈకలలో తలను దాచుకొనుట నేటికిని ఏ చెరువునందైనను చూడవచ్చును. ఎవరో చెప్పగా విని కూర్చిన వర్ణన కాదది. కన్నులార చూచినవాని పద్యము. కావలివారి భ్రమయు పరిశీలకులకు పనికివచ్చు పాఠమే. దూరముననున్న తెల్లని ముద్దను తొందరపడి బాతని గాని బట్టయని గాని తేల్చరాదు. దానిని తేల్చుకొనుటకై నీటిలోనికి దిగిపోవను రాదు. దిగినచో లెక్కింపవలసినది ఎగిరిపోవును.

కవులందరును ఇంత నిదానముగ చూచిరని మాత్రము చెప్పజాలము. చక్రవాకమునే తీసికొందము. రాత్రియందు జంట విడిపోయి ఏడ్చునని కవిసమయము. మన కావ్యములలో ఋతువుతో పనిలేక ఏ కొలనునందు చూచినను చక్రవాకమిథునము సిద్ధముగ నుండును. ఆ పక్షి లడఖ్, టిబెట్టు, మధ్య ఆసియా ప్రాంతముల యెత్తైన నీటితావులయందు పిల్లలను పెంచి, చలికాలమున మాత్రమే దక్షిణమునకు వచ్చి, ఎండలు ముదురకముందే తరలిపోవును. వైశాఖమాసమున మన చెరువులో చక్రవాకమును చూచితినని ఎవరైన వ్రాసినచో ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టవలసి వచ్చును. చాతకము సంగతి మరింత చిక్కైనది. గొల్లకోకిల యని పల్లెలలో పిలువబడు ఆ నలుపు తెలుపుల పక్షియే కావ్యముల చాతకమని పండితులు చెప్పుదురు. అందొక తెగ ఋతుపవనముతోబాటు ఆఫ్రికా ఖండమునుండి సముద్రము దాటి ఉత్తర భారతమునకు వచ్చును. దక్షిణమున నిలుకడగ నుండు తెగ వేరు. వానచినుకు కొరకు నోరు తెరచి యుండునన్నది కల్పన; వానకాలమునకును ఉత్తరదేశపు చాతకము రాకకును గల సంబంధము మాత్రము నిజము. ఏది కల్పన, ఏది నిజము అని విడదీయుటకు మార్గమొక్కటే. ఏ తేదీన, ఏ చోట, ఎన్ని కనబడినవో వ్రాసి పెట్టుట.

పూర్వము గ్రామ కరణములు అడంగలు వ్రాయుచుండిరి. ఆంధ్రదేశమున కరణీకము 1984లో రద్దైనది గాని అడంగలు అను మాట ఎరుగని రైతు లేడు. ఆజమాయిషీకి పోయినవాడు ప్రతి సర్వే నెంబరును చూడవలెను. పంట యున్న నెంబరునకు పంట పేరు వ్రాయవలెను. పంట లేనిచో బీడని వ్రాయవలెను. ఏమియు లేదు గదా యని ఆ గడిని ఖాళీగ విడిచిన లెక్క చెల్లదు. ఖాళీ గడికి అర్థములు రెండు: అక్కడ పంట లేదనియు కావచ్చును, కరణము అటు పోలేదనియు కావచ్చును. తరువాతివాడు ఏది నిజమని తెలిసికొనగలడు? పక్షుల లెక్కకును ఇదే నీతి. చెరువునకు పోయి రెండు గంటలు కూర్చుండి ఒక్క బాతును చూడకపోయినచో, పోయితిమి, బాతులు లేవు అని వ్రాయవలెను. అది విఫలమైన ఉదయము కాదు. కొన్ని యేండ్ల పిమ్మట ఆ పంక్తియే అన్నిటికంటె విలువైనది కావచ్చును.

ఇందలి ముఖ్యవిషయమును ఇక్కడనే చెప్పుట మంచిది. క్రొత్తగా పక్షులను చూడబోవువారు అరుదైన దానికొరకు వెదకుదురు. ఎన్నడును కనబడని పక్షి కనబడిన నాడు వ్రాయుదురు. కాకిని, గోరువంకను, పిచ్చుకను, పసులపోలిగానిని వ్రాయరు. కాకిని వ్రాయుట యేమి, అది ఎక్కడ లేదు, అందురు. ఒకనాడు రాబందును గూర్చియు ఇట్లే అనుచుండిరి. పశువు చచ్చినచో ఊరి వెలుపల వేయుట, గంటలలో రాబందులు దిగుట, మరునాటికి ఎముకలు మిగులుట, ఇది ఏబదియేండ్లు దాటినవారందరును చూచిన సంగతి. నేడు మన ఆకాశమున రాబందు లేదు. ఏ సంవత్సరము మొదలుకొని లేదు? పెద్దలను అడిగినచో ఒకరు దివిసీమ ఉప్పెనకు కొంత తరువాత అందురు. మరియొకరు తమ కుమార్తె పెండ్లియైన యేడు తాటితోపులో చూచినట్లు జ్ఞాపకమందురు. ఏ కాగితమునందును లేదు. అందరికిని తెలిసినది గనుక ఎవరును వ్రాయలేదు.

రాజస్థానమున భరతపురము చెంతనున్న కేవలదేవ జాతీయోద్యానమున మాత్రము వ్రాసినవారుండిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన విభు ప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు 1980 దశకమునందు అచ్చటి వేటపక్షులను, రాబందులను గూళ్లతో సహా లెక్కించెను. నాడు రాబందులు తగ్గునని ఊహించినవారు లేరు. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసెను. 1990 దశకపు చివరిభాగమున మరల అదే చోట లెక్కింపగా గూళ్లు శూన్యములు, పక్షులు చెట్లపై తలలు వ్రేలవేసి చచ్చుచున్నవి. పాత లెక్క చేతనున్నది గనుక తగ్గుదల యెంతయో చూపగలిగెను. లోకము కదిలినది. పశువుల నొప్పులకు వాడు డైక్లోఫెనాక్ అను మందు కళేబరము ద్వారా రాబందుల కడుపులోనికి పోయి మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో ప్రకటింపబడినది. 2006లో ఆ మందును పశువైద్యమున వాడుటను భారత ప్రభుత్వము నిషేధించినది. అప్పటికే వీపు తెల్లనైన జాతి రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించినవి. పాత పుస్తకమే లేకున్నచో, రాబందులు ఎటో వలసపోయినవని చెప్పుకొనుచు మరికొన్ని యేండ్లు గడచియుండెడివేమో.

లెక్క ఎల్లప్పుడును దుర్వార్తనే చెప్పునని భయపడ నవసరము లేదు. పిచ్చుకలు అంతరించినవని, సెల్‌ఫోను స్తంభములే వానిని చంపినవని వాడవాడల చెప్పుకొనుచున్నారు. దేశమందలి వేలకొలది పక్షి పరిశీలకులు వ్రాసిన వివరములను కూర్చి 2020లో భారతదేశ పక్షుల స్థితిని గూర్చి ఒక నివేదిక వెలువడినది. పెద్ద నగరములు కొన్నిటిలో పిచ్చుకలు తగ్గిన మాట నిజమే గాని దేశమంతయు కలిపి చూచినచో పాతికేండ్లకు మించి వాని సంఖ్య ఇంచుమించు నిలుకడగనే యున్నదని అందు తేలినది. స్తంభముల మాటకు ఆధారము దొరకలేదు. 2023లో వచ్చిన రెండవ నివేదికలో 942 జాతులను పరిశీలించి, 178 జాతులపట్ల శీఘ్రముగ శ్రద్ధ వహింపవలెనని చెప్పిరి. ఈ రెండవ నివేదికకు ఆధారమైన మూడుకోట్ల నమోదులు జీతము పుచ్చుకొన్న ఉద్యోగులవి కావు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు, వైద్యులు, మన యువకులవంటివారు ముప్పదివేలమందికి పైగా వ్రాసినవి.

చోటును, తేదిని వ్రాయకున్న వ్రాత యెట్లు వ్యర్థమగునో చెప్పుటకు గూడబాతు కథ చాలును. ముక్కుక్రింద సంచి వ్రేలాడు ఈ పెద్దపక్షి ఊరి నడుమ చెట్లమీదనే గుంపులుగ గూళ్లు కట్టుకొనుట కలదు. థామస్ జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు, నెల్లూరులో కొంతకాలము పనిచేసినవాడు, 1862 మొదలు 1864 వరకు అచ్చు వేయించిన భారత పక్షుల గ్రంథమునందు, కర్ణాటక సీమలో ఒక గ్రామమధ్యమున గూడబాతులు పొట్టి చెట్లపై తరతరములుగా గూళ్లు కట్టుచు, మనుష్యుల సందడిని లక్ష్యపెట్టకయుండుటను తాను చూచితినని వ్రాసెను. మనోహరమైన మాట. కాని ఆ మాటలో ఊరిపేరు లేదు. ఆయన పక్షులకు తెలుగు పేర్లను గూడ శ్రద్ధగ సేకరించినవాడు. ఒక్క ఊరిపేరు వ్రాయుటకు సిరా కొరవడినది కాబోలు! నూటయరువదేండ్లు దాటినను ఆ గూళ్ల గుంపు ఏ ఊరిదో ఆ వాక్యమునుబట్టి తెలియరాదు.

1902లో కడప మండలమున ఒక పల్లెయందు గూడబాతుల గూళ్లను హోవర్డ్ క్యాంబెల్ అను మిషనరీ చూచెను. ఆ గుంపు తరువాత ఎవ్వరికిని కనబడలేదు. పిమ్మట 1946లో పశ్చిమ గోదావరి మండలమున, కొల్లేటి ప్రాంతమందు, ఆరేడు గ్రామమున గొప్ప గూడబాతుల కూటమిని కె. కె. నీలకంఠన్ కనుగొని, బొంబాయి సంఘపు పత్రికలో దానిని గూర్చి వ్రాసెను. ఆయన మలయాళదేశీయుడు, ఆంగ్లభాషోపాధ్యాయుడు; ఇందుచూడన్ అను పేరుతో కేరళ పక్షులను గూర్చి మలయాళభాషలో వ్రాసిన గ్రంథము 1958లో వెలువడినది. ఒక భాషలోని పాఠకులు తమ యూరి పక్షులను తమ మాటలలో చదువుకొనునట్లు చేసిన మహోపకారమది. ఆరేటి గూడబాతులు 1975 ప్రాంతమునకు ఆ చోటు విడిచినవి. అక్కడ అవి ఉండెడివని నేడు చెప్పగలుగుచున్నామనిన, ఉండగా ఒకడు చూచి ఊరిపేరుతో, తేదితో వ్రాసినందుననే. కొల్లేటి ఆటపాకయందు గూడబాతులు తిరిగి కుదురుకొని, అటవీశాఖవారు నీటిలో నాటించిన ఇనుపమంచెలపై గూడ గూళ్లు కట్టుకొనుచున్నవి. పూర్వపు వ్రాత యున్నది గనుకనే దీనిని తిరిగివచ్చుటగా గుర్తింపగలుగుచున్నాము.

నేడు తిరుపతి జిల్లాలో చేరియున్న నేలపట్టును గూర్చి రైతులు విశేషముగ తెలిసికొనదగును. పులికాటు సరస్సునకు చేరువనున్న ఆ చిన్న యూరి చెరువున చెట్లమీద గూడబాతులు ఏటేట శీతకాలమున గూళ్లు కట్టును. 1976లో ప్రభుత్వము దానిని రక్షితస్థలముగ ప్రకటించినది. అంతకు పూర్వము నుండియే గ్రామస్థులు వానిని కాపాడుచుండిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు ఎరువని వారి అనుభవము. ధర్మమును, లాభమును ఒక్కచోట కూడినపుడు ధర్మము నిలుచుట సులభమగును.

పేర్ల సంగతి కొంచెము విస్తరించి చెప్పవలసి యున్నది. తెలుగున కొంగయను మాట మిక్కిలి విశాలమైనది. గట్టున ముడుచుకొని కూర్చుండు గుడ్డికొంగ, గేదెల వెంట తిరుగు తెల్లకొంగ, ముక్కు నడుమ సందుండి నత్తలను తిను నత్తగుల్లకొంగ, ఎర్రకాళ్లకొంగ, అన్నియు కొంగలే. ‘కొంగలు ఇరువది’ అని వ్రాసిన వ్రాత ‘మనుష్యులు ఇరువది మంది’ అన్నట్లుండును. అందు గుడ్డికొంగ మాయలమారి. కూర్చున్నపుడు బురదరంగున నుండి, అడుగుదూరము వరకు పోయినను కదలదు గనుక గుడ్డిదని పేరు వచ్చినది. ఎగిరెనా, ధవళమైన రెక్కలు తెరచుకొనును. క్రొత్తవాడు మట్టికొంగ ఒకటి, తెల్లకొంగ ఒకటి అని రెండు వ్రాయును. గేదెల వెంటనుండు తెల్లకొంగకు గూళ్లు కట్టు కాలమున తలపై, మెడపై పసుపుకలిసిన కాషాయరంగు వచ్చును. దానిని వేరుజాతియని వ్రాయువారును గలరు. కావున పేరు తెలియనిచో సంకోచింపక రంగు, ముక్కు, కాళ్లు, పరిమాణము, అరుపు వ్రాయవలెను. కాకికంటె చిన్నది, గోరువంకకంటె పెద్దది అనిన చాలును. అనుమానమున్నచోట ‘సందిగ్ధము’ అని వ్రాయుట అవమానము కాదు. నిశ్చయముగ వ్రాసిన తప్పు ఒకటి పది నిజములను చెరుచును.

ఊరివారి పేర్లను తక్కువగ చూడరాదు. కలివికోడి కథ అందులకు దృష్టాంతము. జెర్డన్ సంపాదించిన నమూనాను బట్టి 1848లో శాస్త్రలోకమునకు తెలిసిన ఈ చిన్నపక్షి తూర్పుకనుమల చెంత ముళ్లపొదల నేలలలో రాత్రివేళ సంచరించును. 1900లో అనంతపురము ప్రాంతమున, పైని చెప్పిన క్యాంబెల్ దానిని చూచి వ్రాసినది చివరి నమోదు. తరువాత ఎనుబదియారు సంవత్సరములు ఏ పుస్తకమునందును దాని జాడ లేదు. నశించినదని పండితులు తలచిరి. 1980 దశకమున బొంబాయి సంఘమువారు కడప ప్రాంతపు పల్లెలలో దాని బొమ్మను చూపి విచారింపగా, అక్కడివారు అది కలివికోడి యని చెప్పిరి. కలివిపొదలలో తిరుగు కోడి. పండితులు కోల్పోయిన పక్షికి పల్లెయందు పేరు ఉండనే యున్నది. 1986 జనవరిలో ఒక గ్రామస్థుడు రాత్రివేళ దీపపు వెలుతురున దానిని పట్టుకొనెను. సలీం అలీ మహాశయుడు, అప్పటికి తొంబదియేండ్లకు చేరువైనవాడు, దానిని చూచుటకై వచ్చెను. దాని కొరకే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. ఎరిగినవారు వ్రాయలేదు, వ్రాయువారు ఎరుగలేదు. ఆ రెంటికి నడుమ ఎనుబదియారేండ్లు పోయినవి. మన ఊరి గొర్రెలకాపరులకు, చేపలు పట్టువారికి తెలిసిన పక్షులలో ఎన్ని ఇట్లు పుస్తకమునకు ఎక్కక యున్నవో విచారించుట అవసరము.

ఇక పద్ధతిని గూర్చి. గ్రంథాలయమున గట్టి అట్టతో ఒక పుస్తకమును కుట్టించి, ప్రతి పుటకు వరుస సంఖ్య వేయించవలెను. చింపిన పుట తెలియుటకే ఆ సంఖ్య. ప్రతి పర్యాయమునకు తేది, చోటు, బయలుదేరిన వేళ, తిరిగివచ్చిన వేళ, ఎందరు పోయిరి, మబ్బా ఎండయా, చెరువునీరు ఏ మట్టమున నున్నది, ఇవి ముందు వ్రాయవలెను. వేళ వ్రాయుటలో పరమార్థమున్నది. గంట కూర్చున్నవానికి పది జాతులు, పూట యంతయు తిరిగినవానికి ముప్పది జాతులు కనబడినవనిన, చెరువు మారినది కాదు, కూర్చున్న కాలము మారినది. తరువాత పక్షి పేరు, సంఖ్య, చూచినదా లేక అరుపు మాత్రమే విన్నదా, ఏమి చేయుచున్నదో వ్రాయవలెను. పెద్ద గుంపును లెక్కించుటకు ఉపాయము గలదు. ముందు పదింటిని లెక్కించి, ఆ పది ఆక్రమించిన మేర ఎంతయో కంటితో పట్టి, అట్టి మేరలు గుంపులో ఎన్ని గలవో చూడవలెను. కుప్పనూర్పిడినాడు రాశిని చూచి పుట్లు చెప్పగల రైతుకు ఇది ఎవరును నేర్పనక్కరలేదు.

పుస్తకమును జనవరి మొదలు డిసెంబరు వరకు గాక ఫసలీ ప్రకారము జూలై మొదలు జూన్ వరకు నడుపుట యుక్తము. ఉత్తరదేశపు బాతులు, ఉల్లంకులు శరత్తున వచ్చి వసంతమున పోవును. డిసెంబరున లెక్క మూసినచో ఒక్క శీతకాలము రెండు పుస్తకములలో చీలిపోవును. భూమిలెక్కకు పెద్దలు ఏర్పరచిన సంవత్సరము పక్షులకును సరిపోవుట చిత్రమే గాని, రెంటికిని వానయే మూలము గదా. ఆసియా నీటిపక్షుల గణన మాత్రము 1987 నుండి ఏటేట జనవరిలో జరుగుచున్నది. ఆ వారమున మన చెరువును గూడ తప్పక లెక్కింపవలెను.

యువకులు సెల్‌ఫోనులో ఈబర్డ్ అను లోకవ్యాప్తమైన చిట్టాలో వ్రాయుచున్నారు. అది మంచిదే, ఇక్కడ వ్రాసినది నిమిషములో దేశాంతరముల శాస్త్రజ్ఞులకు చేరును. అందును, చూచిన జాతులన్నిటిని విడువక వ్రాసితివా యని అడుగుదురు. అనగా కాకిని గూడ వ్రాసితివా యని. అయినను గ్రంథాలయపు కాగితము వేరుగ నుండవలెను. చెరువు గట్టు తెగినపుడో, తుమ్మచెట్లను వేలము వేసినపుడో, చెరువును చేపల పెంపకమునకు పాటకు ఇచ్చినపుడో, పక్షులకు హాని యని ఎవరైన అనినచో, ‘ఏ పక్షులు? ఎన్ని? ఎప్పటినుండి?’ అని అధికారి అడుగును. అపుడు నోటిమాట నిలువదు. పుటల సంఖ్యగల పుస్తకమును బల్లమీద పెట్టుటకు వీలుండవలెను. ఆ పుస్తకమే చెరువు పాటను తప్పించునని కాదు. పాట ధరతోబాటు ఈ సంగతిని గూడ వినవలసి వచ్చును.

ఒక జాగ్రత్త. పుస్తకము అందరును చదువునది. అరుదైన పక్షి గూడు ఏ చెట్టున నున్నదో అందు వ్రాసినచో ఉచ్చులు పన్నువారికి దారి చూపినట్లగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉన్నంత మాత్రమున ఉచ్చులు మానలేదు. అట్టి గూళ్ల చోటును పిల్లలు ఎగిరిపోవువరకు కార్యదర్శియొద్ద మూసిన కవరులో నుంచి, పిమ్మట పుస్తకమున ఎక్కింపవలెను. గూటి చెంతకు పోయి ఫొటోలు తీయు ఉత్సాహమును గూడ అణచుకొనుట మంచిది. తల్లి లేచిపోయిన కొలది నిమిషములలో ఎండయో కాకియో గ్రుడ్లను పాడుచేయును.

ప్రతి గ్రామస్థుడును, ఆడవారును పిల్లలును సహా, పక్షికొరకు వెదకు దినము ఏటికొకటి ఉన్నది. విజయదశమినాడు పాలపిట్టను చూడనిదే ఇంటికి మరలరాదని మన ఆచారము. తరతరములుగా వేల కన్నులు ఒక్క సాయంకాలము ఒక్క జాతిని వెదకుచున్నవి. ఎవరికి ఏ పొలమున కనబడినది, ఎందరికి కనబడలేదు అని ఒక్క పుటయైన వ్రాసియున్నచో ఈ ప్రాంతపు పాలపిట్టల చరిత్ర నేడు చేతిలో నుండెడిది. కొన్ని చోట్ల దానిని పట్టి పంజరమునందుంచి, డబ్బు పుచ్చుకొని చూపుచున్నారు. ఆ దర్శనమునకు పుణ్యమెట్లున్నను చట్టప్రకారము అది నేరము. వచ్చు దసరానాడు జమ్మిచెట్టు కడ ఒక బల్లవేసి, వచ్చినవారినందరిని అడిగి వ్రాసికొనుటకు ఇద్దరు బాలురు చాలుదురు. చూడనివారి పేర్లను గూడ వ్రాయవలెను.

తీతువు ఎండకాలముననే చెరువులోపలి మెట్టమీద గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును గనుక జూలై వరకు ఆగ నక్కరలేదు. వచ్చు ఆదివారము ఉదయము ఐదున్నర గంటలకు తూము దగ్గర కలిసికొనవచ్చును. ముదురురంగు బట్టలు మంచివి, సంభాషణ తగ్గించవలెను, కుక్కలను వెంట తేరాదు. గొర్రెలకాపరులలోను, వలలు వేయువారిలోను పెద్దవారిని ఒక్కరినైన పిలుచుకొని రావలెను. వారు పేర్లు చెప్పుదురు, బడిపిల్లలు వ్రాయుదురు. పుస్తకము, దారముతో కట్టిన పెన్సిలు, దినపత్రికల బల్లమీద ఎడమప్రక్కన ఉండును. రాబందునకు గూడ అందు ఒక గడి గీయబడినది.